పెళ్లి ఫోటోలతో డార్క్‌టేబుల్ నేర్చుకోండి: కార్డు నుంచి ఆల్బమ్ దాకా

కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయగానే ఎవరైనా ముందు ఒక ఫోటో తెరిచి స్లైడర్లు అటూ ఇటూ జరిపి చూస్తారు. మీరు మాత్రం ఆ పని ఒక రోజు వాయిదా వేయండి. పెళ్లి ఫోటోలు చేసేవాళ్లకు టైమ్ తినేసేది రంగులు సరిచేయడం కాదు. అప్పగింతల ఫోటోలు ఏ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి? వీటిలో ఎంపిక చేసినవి ఏవి? ల్యాబ్‌కి వెళ్లింది పాత ఫైలా, సరిచేసిన ఫైలా? సగం టెన్షన్ ఈ ప్రశ్నల దగ్గరే. ఫోటో కార్డులోంచి బయటికొచ్చి ఆల్బమ్ చేరే దారి ముందు ఖాయం చేసుకుంటే, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఆ దారిలోనే జరిగిపోతుంది.

ఇక్కడ డార్క్‌టేబుల్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నాను. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. 2009 నుంచి ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. లైట్‌రూమ్ అలవాటున్నవాళ్లకు మొదట్లో ఇది చిరాకు పుట్టిస్తుంది, ఎందుకంటే చాలా పనులు ఇందులో వేరే పద్ధతిలో జరుగుతాయి. ఒక పెళ్లి మొదటి నుంచి చివరిదాకా ఇందులో పూర్తి చేస్తే ఆ చిరాకు చాలావరకు పోతుంది. ఒక్కటి ముందే తెలుసుకోండి: ఇది ఆల్బమ్ డిజైన్ చేయదు. షీట్లు పేర్చడం, టెంప్లేట్లు వేయడం ఫోటోషాప్ లాంటి వాటి పని. డార్క్‌టేబుల్ మీకు ఎంపిక చేసి, సరిచేసిన ఫోటోలు ఇస్తుంది, అక్కడితో దాని బాధ్యత అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు

నేర్చుకోవడానికి డెలివరీ అయిపోయిన పాత పెళ్లి ఒకటి తీసుకోండి. వచ్చే వారం ఆల్బమ్ ఇవ్వాల్సిన పని మీద కొత్త సాఫ్ట్‌వేర్ ప్రయోగించకండి. ఆ పాత పెళ్లి ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేయండి.

ఫోటోలు రా ఫైళ్లు, అంటే కెమెరా సెన్సార్ పట్టిన సమాచారాన్ని అలాగే దాచిన ఫైళ్లు అయితేనే ఈ కష్టానికి ఫలితం దక్కుతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్లో 16,384 ఉంటాయి. నీడలో ఉన్న ముఖాన్ని పైకి లేపినప్పుడు ఈ తేడా కళ్లకు కనబడుతుంది. దానికి తగ్గట్టే రా ఫైలు చోటు కూడా ఎక్కువ తీసుకుంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కోటి రమారమి 25 నుంచి 30 ఎంబీ. అంటే 2,000 ఫోటోల పెళ్లికి 50 నుంచి 60 జీబీ. హార్డ్‌డిస్క్ లెక్క ఇప్పుడే వేసుకోండి.

కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే సెట్టింగ్స్‌లో ఓపెన్‌సీఎల్ (ఆ కార్డుకి పని అప్పగించే సదుపాయం) ఆన్ చేయండి, ఎక్స్‌పోర్ట్ వేగం బాగా పెరుగుతుంది.

ఫోల్డర్ల సంగతి

ఒక వేడుకకి ఒక ఫోల్డర్. పేరులో ముందు తేదీ, అదీ సంవత్సరం మొదట వచ్చేలా: 2025-02-16, దాని పక్కన ఊరు, ఆ తర్వాత వేడుక. ఇలా పెడితే కంప్యూటర్ వాటిని తనంతట తానే వరసలో పేర్చుకుంటుంది. 16-02-2025 అని రాస్తే అన్ని నెలల 16వ తేదీలూ ఒకచోట చేరతాయి. ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. ఫోల్డర్ ల్యాబ్‌కి, డిజైనర్‌కి, వేరే కంప్యూటర్‌కి వెళ్లినప్పుడు ఇబ్బంది రాదు.

లోపల మూడు ఫోల్డర్లు చాలు. ఒకటి కెమెరా నుంచి వచ్చిన రా ఫైళ్లకి, ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసినవాటికి, ఒకటి ఆల్బమ్ డిజైన్ ఫైళ్లకి. పసుపు ఫంక్షన్, పెళ్లి, రిసెప్షన్ వేర్వేరు రోజులైతే రా ఫోల్డర్ లోపలే మళ్లీ విడదీయండి. ఇంతకుమించి లోతుకి వెళ్లొద్దు. జీలకర్ర బెల్లానికో ఫోల్డర్, తలంబ్రాలకో ఫోల్డర్ అని చేతితో విడదీస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది, ఆ పని ట్యాగులు చేస్తాయి.

ఇద్దరు ముగ్గురు ఫోటోగ్రాఫర్లు వెళ్లిన పెళ్లిలో ఇంకో చిక్కు ఉంటుంది. ఒక కెమెరా గడియారం పది నిమిషాలు వెనకుంటే, తేదీ, టైమ్ వరసలో పేర్చినప్పుడు తలంబ్రాలు అయ్యాక జీలకర్ర బెల్లం వస్తుంది. మండపంలోకి అడుగుపెట్టే ముందు అన్ని కెమెరాల టైమ్ ఒక ఫోన్ చూసి కలపండి. కలపడం కుదరని పాత ఫోటోలకు డార్క్‌టేబుల్‌లో జియోట్యాగింగ్ మాడ్యూల్ ఉంది (మాడ్యూల్ అంటే ఒక్కో పనికి ఉండే పనిముట్టు). పేరు చూస్తే మ్యాపులకి సంబంధించినది అనిపిస్తుంది కానీ, ఎంచుకున్న ఫోటోల టైమ్ ముందుకీ వెనక్కీ జరిపే సదుపాయం అందులోనే ఉంది. రెండు కెమెరాల్లోనూ పడిన ఒకే క్షణం, అంటే తాళి కట్టే క్షణం లాంటిది చూసుకుని తేడా లెక్కగట్టండి.

లైబ్రరీలోకి తీసుకురావడం

ఫోటోలు ఇప్పటికే ఫోల్డర్‌లో ఉంటే "యాడ్ టు లైబ్రరీ" నొక్కండి. ఫైళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, డార్క్‌టేబుల్ వాటి చిరునామా మాత్రమే రాసుకుంటుంది. కార్డు నుంచి నేరుగా తెచ్చుకోవాలంటే "కాపీ అండ్ ఇంపోర్ట్" వాడండి. మొదట్లో నా సలహా: కార్డులోని ఫోటోలు మామూలుగా మీరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, తర్వాత యాడ్ చేయండి. ఏ ఫైలు ఎక్కడుందో మీ చేతిలో ఉంటుంది.

ఇక్కడే చాలామంది తడబడే చోటు ఒకటుంది. లైబ్రరీలోకి వచ్చాక ఆ ఫోల్డర్ పేరు బయట మార్చినా, ఫైళ్లు వేరే డ్రైవ్‌కి జరిపినా డార్క్‌టేబుల్‌కి తెలియదు. ఫోటో తెరవబోతే పుర్రె గుర్తు కనబడుతుంది. కంగారు పడకండి, ఫోటో ఎక్కడికీ పోలేదు. ఎడమ వైపు ఫోల్డర్ల జాబితాలో దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి, కొత్త చోటు ఎక్కడో చూపిస్తే మళ్లీ కలుస్తుంది. అసలు ఆ అవసరమే రాకుండా, జరపాల్సినవి డార్క్‌టేబుల్ లోపలి నుంచే "మూవ్" నొక్కి జరపండి.

ఇంకో జాగ్రత్త. "రిమూవ్" అంటే లైబ్రరీ నుంచి మాత్రమే తీసేయడం, ఫైలు డిస్క్‌లో భద్రంగా ఉంటుంది. "డిలీట్" అంటే ఫైలే పోవడం. రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయి. చదివి నొక్కండి.

డార్క్‌టేబుల్‌లో సేవ్ బటన్ లేదు, దాని కోసం వెతక్కండి. మీరు చేసే ప్రతి మార్పూ అప్పటికప్పుడే నమోదవుతుంది. అసలు రా ఫైలుని అది ముట్టుకోదు. మార్పుల చిట్టా రెండు చోట్ల ఉంటుంది: ఒకటి డార్క్‌టేబుల్ సొంత డేటాబేస్‌లో, రెండోది ఫోటో పక్కనే ఉండే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైల్లో. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అనే చోటికి వెళ్లి, ఎక్స్‌ఎంపీ ఫైళ్లు రాయడం "నెవర్" మీద లేదని ఒకసారి చూసుకోండి. ఫోల్డర్‌లో ఆ చిన్న ఫైళ్లు కనబడితే చెత్త అనుకుని తీసేయకండి. మీ కష్టమంతా వాటిలోనే ఉంది.

ఎంపిక

2,000 ఫోటోల్లోంచి ఆల్బమ్‌కి ఏ 250 వెళ్తాయో తేల్చడం ఎడిటింగ్ కంటే పెద్ద పని. దీన్ని ఒకే విడతలో చేయాలని చూస్తే ప్రతి ఫోటో దగ్గరా ఆగిపోతారు. విడతలుగా చేయండి.

మొదటి విడతలో ఒకే ప్రశ్న: ఇది పనికిరాదా? కళ్లు మూసుకుపోయినవి, ఫోకస్ తప్పినవి, ఎవరో అడ్డం వచ్చినవి. కీబోర్డ్‌లో ఆర్ నొక్కితే ఫోటో రిజెక్ట్ అవుతుంది. చేయి బాణం కీల మీద ఉంచి, బాగున్నదాని మీద ఏమీ నొక్కకుండా ముందుకెళ్లండి. ఫోకస్ సరిగా పడిందో లేదో అనుమానం వస్తే మౌస్ ఫోటో మీద ఉంచి డబ్ల్యూ నొక్కి పట్టుకోండి, పెద్దదిగా కనబడుతుంది. ఒకేలాంటివి నాలుగైదు ఉంటే వాటిని ఎంచుకుని ఎక్స్ నొక్కండి, పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. షార్ట్‌కట్లు గుర్తు లేకపోతే హెచ్ నొక్కి పట్టుకుంటే ఆ తెరలో పనిచేసే కీలన్నీ చూపిస్తుంది.

ఈ విడతలో ఒక మినహాయింపు పాటించండి. ఒక తాతగారో అమ్మమ్మగారో మొత్తం పెళ్లిలో ఒక్క ఫోటోలోనే పడి ఉంటే, అది కొంచెం మసకగా ఉన్నా రిజెక్ట్ చేయకండి. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి అడిగేది ఆ ఫోటోనే. ఫోటోగ్రాఫర్ కంటితో చూస్తే అది చెడిపోయిన ఫ్రేమ్, ఆ ఇంటికి మాత్రం అదే ఆఖరి ఫోటో కావచ్చు.

రెండో విడతలో నక్షత్రాలు. 1 నుంచి 5 వరకు అంకె నొక్కితే చాలు. అంకెకి అర్థం మీరు ఒకసారి నిర్ణయించుకుని, ఏ పెళ్లికైనా అదే పాటించాలి. ఒక పద్ధతి చెబుతాను: 1 అంటే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వదగ్గది, 3 అంటే ఆల్బమ్‌కి వెళ్లేది, 5 అంటే కవర్ పేజీకో గోడ ఫ్రేమ్‌కో సరిపోయేది. 2, 4 వాడకండి. ఐదు మెట్లూ వాడితే "ఇది రెండా మూడా" అనే సందేహంతోనే సాయంత్రం అవుతుంది.

రంగు లేబుళ్లు వేరే పనికి. ఎఫ్1 ఎరుపు, ఎఫ్2 పసుపు, ఎఫ్3 ఆకుపచ్చ, ఎఫ్4 నీలం, ఎఫ్5 ఊదా. నక్షత్రాలు ఫోటో ఎంత బాగుందో చెప్పాలి, రంగులు దానికి ఏ పని మిగిలుందో చెప్పాలి. రీటచ్ కావాల్సినదానికి ఎరుపు, పెళ్లివాళ్లు తామే ఎంచుకున్నదానికి ఆకుపచ్చ పెట్టుకుంటే, పైనున్న ఫిల్టర్‌తో కావాల్సినవి మాత్రమే తెర మీదకు తెచ్చుకోవచ్చు.

ట్యాగులు చివర్లో వేయండి. లక్షలాది ఫోటోలు పోగయ్యాక వీటి విలువ తెలుస్తుంది. వేడుకల పేర్లు ఒక చెట్టులాగా పెట్టుకోవచ్చు: పెళ్లి అనే ట్యాగు కింద గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. మధ్యలో నిలువు గీత పెట్టి రాస్తే డార్క్‌టేబుల్ దాన్ని ఒకదాని కింద ఒకటిగా అర్థం చేసుకుంటుంది. వందల ఫోటోలను ఒకేసారి ఎంచుకుని ట్యాగు తగిలించవచ్చు కాబట్టి దీనికి ఎక్కువసేపు పట్టదు.

డార్క్‌రూమ్‌లోకి

ఇప్పుడు ఫిల్టర్‌లో 3 నక్షత్రాలూ ఆపైన ఉన్నవి మాత్రమే పెట్టుకుని, ఒక ఫోటో మీద డి నొక్కండి. ఎడిటింగ్ తెర తెరుచుకుంటుంది. వెనక్కి, అంటే ఫోటోలన్నీ కనబడే లైట్‌టేబుల్ తెరకి రావాలంటే ఎల్.

కుడి వైపు పదుల కొద్దీ మాడ్యూళ్లు కనబడతాయి. చాలామంది భయపడి మూసేసేది ఇక్కడే. మొదటి పెళ్లికి ఆరు చాలు: ఎక్స్‌పోజర్, కలర్ కాలిబ్రేషన్, సిగ్మాయిడ్, క్రాప్, డీనాయిస్ ప్రొఫైల్డ్, లెన్స్ కరెక్షన్. మిగతావి ఉన్నాయని కూడా మరిచిపోండి. ముందుగా సెట్టింగ్స్‌లో ప్రాసెసింగ్ కింద వర్క్‌ఫ్లోని సీన్ రిఫర్డ్ సిగ్మాయిడ్ అని పెట్టండి. పాత వీడియోలు చూసి బేస్ కర్వ్, సిగ్మాయిడ్, ఫిల్మిక్ అన్నీ ఒకే ఫోటో మీద వేయకండి. మూడూ చేసేది ఒకే రకం పని, ఏదో ఒకటే ఉండాలి.

ముందు ఎక్స్‌పోజర్. ఫోటోలో ముఖాలు సరైన వెలుగులోకి వచ్చేదాకా పెంచండి. వెనకున్న లైట్లు తెల్లగా అయిపోతున్నాయని ఆగొద్దు, ఆ వెలుగుని దారిలోకి తేవడానికే తర్వాత సిగ్మాయిడ్ ఉంది. వెలుగు సరిచేయడం అంటే ముఖాన్ని తెల్లబరచడం మాత్రం కాదు. చామనఛాయ పెళ్లికూతురు ఆల్బమ్‌లో కూడా చామనఛాయగానే ఉండాలి. పక్కనున్న వాళ్ల అమ్మ ముఖంతో పోలిస్తే తేడా ఎంతుండాలో అంతే ఉందా అని చూసుకోండి.

తర్వాత కలర్ కాలిబ్రేషన్. వైట్ బ్యాలెన్స్, అంటే తెల్లటిది తెల్లగా కనబడేలా రంగులు సర్దడం, ఇక్కడే చేయాలి. వైట్ బ్యాలెన్స్ అనే పేరుతో వేరే మాడ్యూల్ కూడా ఉంది, కానీ ఈ పద్ధతిలో దాన్ని కదపకూడదు. కదిపితే హెచ్చరిక కూడా వస్తుంది.

మన పెళ్లి మండపం దీనికి అసలైన పరీక్ష. పైన వెచ్చటి ఫోకస్ లైట్లు, వెనక డెకరేషన్‌లో గులాబీ రంగు ఎల్‌ఈడీలు, పక్క నుంచి వీడియోవాళ్ల తెల్ల లైటు. వధూవరుల ముఖాలకి నిజంగానే పసుపు ఉంటుంది. ఆటోమేటిక్‌కి వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఆ పసుపుని లైటు వల్ల వచ్చిన దోషం అనుకుని తీసేస్తుంది, ముఖాలు పాలిపోయి నీలంగా తేలతాయి. అందుకని ముఖాన్ని ఆధారం చేసుకోకండి. మధుపర్కాలు కట్టుకుని ఉంటే మీ పని సులువు, ఎదురుగా తెల్ల బట్ట ఉన్నట్టే. మాడ్యూల్‌లోని పిక్కర్ తీసుకుని పెళ్లికొడుకు పంచె మీద, మోకాలి దగ్గర ఒక చిన్న గడి గీయండి. అంచు దగ్గర వద్దు, ఎర్ర అంచు రంగు బట్ట మీదకి కొట్టుకొస్తుంది. కొత్త బట్టల కొసలకి పసుపు పెట్టే ఆచారం ఉంది కాబట్టి కొసల దగ్గరా వద్దు. ఫ్లాష్ పడి పూర్తిగా తెల్లబోయిన చోటు కూడా వద్దు, అక్కడ రంగు సమాచారమే మిగలదు. సరైన చోటు దొరికిందంటే పంచె తెల్లగా అవుతుంది, బుగ్గల మీద పసుపు పసుపుగానే నిలుస్తుంది. అప్పుడు కూడా ఫోటో మరీ చల్లగా అనిపిస్తే కాస్త వెచ్చదనం వైపు జరపండి. మండపంలో నిలబడ్డవాళ్లకి ఆ వెచ్చదనమే గుర్తుంటుంది.

తలంబ్రాల ఫోటోల్లో ఇంకో ఇబ్బంది. పసుపు కలిపిన బియ్యం మీద ఫ్లాష్ పడితే గింజలు విడిగా కనబడకుండా ఒకే పసుపు ముద్దగా అయిపోతాయి. ఎర్ర పట్టుచీర మీద జరీ కూడా అంతే. ఏడో మాడ్యూల్ కావాల్సి వచ్చేది ఇలాంటి చోటే: కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీలో హైలైట్స్ సాచురేషన్ (వెలుగు ఎక్కువున్న చోట్ల రంగు గాఢత) కొద్దిగా తగ్గించండి. గింజ గింజ విడివడి కనబడే దగ్గర ఆపేయండి.

క్రాప్, లెన్స్ కరెక్షన్ గురించి చెప్పేదేమీ లేదు, చూస్తేనే తెలిసిపోతాయి. డీనాయిస్ మాడ్యూల్ మీ కెమెరా మోడల్, ఐఎస్ఓ చూసి తానే లెక్క వేసుకుంటుంది. ఆన్ చేసి వదిలేయండి. అది కంప్యూటర్‌ని నెమ్మది చేస్తుంది కాబట్టి చివర్లో ఆన్ చేయడం మంచిది.

ఎడమ వైపున్న హిస్టరీలో మీరు చేసిన ప్రతి అడుగూ వరసగా ఉంటుంది. ఏ మెట్టు మీద నొక్కితే ఫోటో ఆ దశకి వెళ్తుంది. అన్నిటికన్నా కింద ఉన్నది నొక్కితే మొదటి రూపం. నేర్చుకునేటప్పుడు భయం లేకుండా ప్రయోగాలు చేయడానికి ఇంతకంటే భరోసా అక్కర్లేదు.

ఒకటి చేసి వందకి వేయడం

ఒకే లైటులో, ఒకే చోటు నుంచి తీసిన ఫోటోలు ఒక గుంపు. గుంపులో ఒక్కదాన్ని శ్రద్ధగా సరిచేయండి. లైట్‌టేబుల్‌కి వెళ్లి దాన్ని ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, సి మూడూ కలిపి నొక్కండి. ఏ మాడ్యూళ్లు కాపీ చేయాలో అడుగుతుంది. క్రాప్, రీటచ్ టిక్కులు తీసేయండి, అవి ఏ ఫోటోకి ఆ ఫోటోవే. తర్వాత మిగతావన్నీ ఎంచుకుని కంట్రోల్ వి. చివర్లో ఒక్కోటీ తెరిచి ఎక్స్‌పోజర్ మాత్రం చూసుకోవాలి.

నెలకి నాలుగైదు సార్లు ఒకే ఫంక్షన్ హాల్లో పనిచేసేవాళ్లు ఆ హాలు లైటింగ్‌కి ఒక స్టైల్, అంటే దాచుకున్న మార్పుల కట్ట, తయారు చేసి పేరు పెట్టుకోండి. మళ్లీ అదే హాల్లో పెళ్లి వచ్చినప్పుడు సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఎక్స్‌పోర్ట్

ఒకే ఫోటో మూడు చోట్లకి వెళ్తుంది, మూడింటికీ కొలతలు వేరు. ఆల్బమ్ డిజైనర్‌కి పూర్తి సైజు జేపెగ్, క్వాలిటీ 95, కలర్ ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ. 12 ఇంటూ 36 అంగుళాల షీటు 300 డీపీఐలో 10,800 ఇంటూ 3,600 పిక్సెల్స్ అవుతుంది కాబట్టి, షీటంతా పరిచే ఫోటోని ఎక్కువగా క్రాప్ చేయకండి. ల్యాబ్‌వాళ్లు వేరే ప్రొఫైల్ అడుగుతారేమో ముందే కనుక్కోండి. చుట్టాలకి ఫోన్లలో చూసుకోవడానికైతే పొడవు వైపు 2,048 పిక్సెల్స్ చాలు. వాట్సాప్‌లో పంపితే మామూలు ఫోటోలాగా కాకుండా డాక్యుమెంట్‌లాగా పంపండి, లేకపోతే అది మళ్లీ కుదించేస్తుంది.

ఈ కొలతలు ప్రతిసారీ టైప్ చేయక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్ మాడ్యూల్‌లో ఒక్కో రకానికి ఒక ప్రీసెట్ దాచుకోండి. ఫైళ్లు వెళ్లే ఫోల్డర్ కూడా అందులోనే పెట్టొచ్చు. ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్‌లను మళ్లీ లైబ్రరీలోకి తేకండి. ఒకే ఫోటో రెండుసార్లు కనబడి, ఏది అసలో తెలియని గందరగోళం అక్కడే మొదలవుతుంది.

బ్యాకప్

ఎప్పుడూ మూడు కాపీలు ఉండాలి, కనీసం రెండు వేర్వేరు డిస్క్‌ల మీద, వాటిలో ఒకటి వేరే చోట. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంకో హార్డ్‌డిస్క్ అన్నయ్య ఇంట్లోనో స్నేహితుడి దగ్గరో. స్టూడియోలోనే మూడూ ఉంటే ఒక షార్ట్ సర్క్యూట్‌కి మూడూ పోతాయి. పెళ్లి మళ్లీ తీయలేం. కనీసం రెండు చోట్ల కాపీలు ఉన్నాయని తెరిచి చూసుకున్నాకే కెమెరా కార్డు ఫార్మాట్ చేయండి.

బ్యాకప్‌లో రా ఫైళ్లతో పాటు ఎక్స్‌ఎంపీలూ వెళ్లాలి. ఎడిటింగ్ అయిపోయాక ఇంకోసారి బ్యాకప్ తీయాలి, ఎందుకంటే మొదటి రోజు తీసిన కాపీలో మీ నక్షత్రాలూ మార్పులూ ఉండవు.

ఆఖరుగా ఒక పరీక్ష పెట్టుకోండి. ఇంకో ల్యాప్‌టాప్‌లో డార్క్‌టేబుల్ ఇన్‌స్టాల్ చేసి, బ్యాకప్ డిస్క్‌లోని ఆ పెళ్లి ఫోల్డర్‌ని లైబ్రరీలోకి యాడ్ చేయండి. నక్షత్రాలు, రంగులు, ట్యాగులు, మీరు చేసిన ఎడిటింగ్ అన్నీ అక్కడ కూడా కనబడాలి. ఏవైనా కనబడకపోతే ఆ ఫోటోల పక్కన ఎక్స్‌ఎంపీ ఫైళ్లు ఉన్నాయో లేదో చూసి, అసలు ఫోల్డర్ నుంచి మళ్లీ కాపీ చేయండి. అన్నీ వచ్చాక, కొత్తగా ఒప్పుకున్న పెళ్లిని ఈ పద్ధతిలో మొదలుపెట్టండి.